మానవశాస్త్రము నారంభించువారి గ్రంథపఠన క్రమము: బచ్చన్నపేట సీమ దృష్టాంతము

మనుష్యులు కూడి బ్రతుకు విధమును పరిశీలించునది మానవశాస్త్రము. పెండ్లి, చావు, పంట, పండుగ, కులము, కట్టుబాటు, కథ, కొలుపు మొదలగునవి యన్నియు దాని విషయములే. ఇతర శాస్త్రముల నారంభించువానికి వస్తువు కొత్తది. గ్రంథము దానిని వానికి పరిచయము చేయును. ఈ శాస్త్రమునం దట్లు కాదు. వస్తువు వాని వాకిటనే యున్నది. కొత్తది గ్రంథము మాత్రమే. అందువలన దేనిని ముందు చదువవలెను, దేనిని వెనుక చదువవలెను అను ప్రశ్న యిచ్చట మిక్కిలి ముఖ్యమైనది. మొదట చదివిన గ్రంథము చదువరి కంటికి ఒక అద్దమును తొడుగును. ఆ యద్దము వంకరదైనచో తాను పుట్టి పెరిగిన యూరును, పొరుగింటి మనుష్యుని సైతము వాడు వంకరగానే చూచును.

ఈ విషయమును విచారించుటకు బచ్చన్నపేట సీమ మంచి దృష్టాంతము. వానను నమ్ముకొన్న మెట్టనేల యిది. 1946లో రైతుల పోరాటము చెలరేగునాటికి జనగామ తాలూకా నల్లగొండ జిల్లాలోనిది. పిమ్మట వరంగల్లు జిల్లాలో చేరెను. 2016లో జనగామ ప్రత్యేక జిల్లా యయ్యెను. బచ్చన్నపేట యందొక మండల కేంద్రము. దీనికి సమీపముననే నకాషీ పటములకు ప్రసిద్ధమైన చేర్యాలయు, మల్లన్న కొలువున్న కొమురవెల్లియు కలవు. పాలకుర్తి యీ జిల్లాలోనిదే. తూర్పున మహబూబాబాదు వైపు లంబాడీ తండాలు, ఆవల భూపాలపల్లి యడవులలో కోయగూడెములు నున్నవి. సేద్యము చేయు పల్లె, గొఱ్ఱెలను కాచు కురుమలు, ఒకప్పుడు ఎద్దులపై సరకులు మోసిన లంబాడీలు, అడవిని నమ్మిన కోయలు: మానవశాస్త్ర గ్రంథములు వేరువేరుగా వర్ణించు జీవన విధము లన్నియు నిచ్చట నొండొంటికి చేరువనే కానవచ్చును.

కళాశాలలలో చిరకాలము ఈ శాస్త్రమునకు ద్వారముగా చూపబడినవి టైలరు 1871లో ప్రకటించిన 'ప్రిమిటివ్ కల్చర్', ఫ్రేజరు 1890లో మొదట వెలువరించిన 'గోల్డెన్ బౌ' అను గ్రంథములు. వారు గొప్ప పండితులు. కాని యాత్రికులు, మిషనరీలు, ఉద్యోగులు వ్రాసిన వృత్తాంతములను గ్రంథాలయమున కూర్చుండి పోల్చి చూచినవారే గాని, తాము వర్ణించిన జనుల నడుమ కాపురముండినవారు కారు. ఆ గ్రంథములను శాస్త్రము యొక్క బాల్యచరిత్రగా చదువుట యుక్తము; శాస్త్రమునకు ప్రవేశముగా చదువుట యుక్తము కాదు.

1. కులసంగ్రహములు

తెలుగుసీమను గూర్చి గ్రంథాలయమున వెదకువానికి ముందుగా చేతికి వచ్చునవి కులసంగ్రహములు. 1901 జనాభా లెక్కల వెంబడి ప్రభుత్వము దేశమంతట జాతుల పరిశీలనము నారంభించెను. ఆ కార్యమునకు ప్రధానుడు రిస్లీ. ముక్కు పొడవు వెడల్పుల నిష్పత్తికిని, సంఘమున కులమునకు గల అంతస్తునకును సంబంధము కలదని యాతని విశ్వాసము. మద్రాసు రాజధానిలో నీ పనిని నిర్వహించినవాడు చెన్నపట్టణపు మ్యూజియము అధ్యక్షుడైన ఎడ్గార్ థర్‌స్టన్. ఆయనయు కొలత పనిముట్లను వెంటబెట్టుకొని తిరిగినవాడే. కె. రంగాచారి తోడ్పాటుతో ఆయన కూర్చిన 'దక్షిణ భారత కులములు, తెగలు' 1909లో ఏడు సంపుటములుగా వెలువడెను. నిజాం రాష్ట్రమునకు సయ్యద్ సిరాజ్ ఉల్ హసన్ రచించిన యిట్టి గ్రంథము 1920లో బొంబాయిలో ముద్రితమయ్యెను.

ఇవి నిరుపయోగములని చెప్పరాదు. నేడు మరుగుపడిన పెండ్లితంతులు, ఇంటిపేర్లు, కులముల యుత్పత్తిని గూర్చిన కథలు పెక్కు వీనియందు భద్రముగా నున్నవి. దోషము సామగ్రియందు లేదు, కూర్పునం దున్నది. థర్‌స్టన్ గ్రంథము ఇంగ్లీషు అక్షరక్రమమున నడచును. అందు గొల్లలు రెండవ సంపుటమునను, కాపులు మూడవ సంపుటమునను, కుమ్మరులు నాలుగవ సంపుటమునను, చాకలివారు ఏడవ సంపుటమునను కనబడుదురు. పల్లెలో నట్లు కాదు. కాపు కల్లమున ధాన్యము కొలుచునప్పుడు చాకలియు, మంగలియు, వడ్రంగియు, కుమ్మరియు తమ తమ మేర కొఱకు అచ్చటనే నిలుతురు. గ్రంథమున నాలుగు సంపుటముల యెడముననున్న కాపును చాకలియు కల్లమున నాలుగడుగుల యెడమున నున్నారు. ఒకరి శ్రమ యొకరి కెట్లు చేరుచున్నది, ఎవరు కొలుచుచున్నారు, ఎవరు చేయి చాచుచున్నారు అను ప్రశ్నలే సంఘమునకు ప్రాణము. అక్షరక్రమము సరిగా ఆ ప్రాణమునే విడదీయుచున్నది.

రెండవ దోషము అంతకంటె కఠినమైనది. ప్రతి కులమునకును మార్పులేని యొక స్వభావమున్నట్లు సంగ్రహము నేర్పును. అట్టి తలపు చట్టమైనచో నేమగునో ఎరుకలవారి చరిత్ర తెలుపును. 1871లో పుట్టిన నేరస్థజాతుల చట్టము 1911లో మద్రాసు రాజధానికి వచ్చెను. పుట్టుక చేతనే కొన్ని జాతులు నేరస్థులని యెంచబడి, హాజరుపట్టీలకును, కావలి గల నివాసములకును లోబడవలసి వచ్చెను. తీరాంధ్రమున స్టువర్టుపురము సాల్వేషన్ ఆర్మీవారి యాజమాన్యమున అట్టి నివాసముగా నేర్పడినదే. ఆ చట్టము దేశమంతట రద్దగుటకు 1952 వరకు పట్టెను. మీనా రాధాకృష్ణ 2001లో ప్రకటించిన 'డిజానర్డ్ బై హిస్టరీ' అను గ్రంథము ఈ కథను సవిస్తరముగా వివరించుచున్నది. థర్‌స్టనును చదువువాడు దీనిని ప్రక్కన నుంచుకొనవలెను.

పాలకుర్తి మఱియొక నిదర్శనము. సంగ్రహమున చాకలి యనగా నొక వృత్తి, కొన్ని ఆచారములు, ఒక పుట్టుక కథ. పాలకుర్తిలో చాకలి ఐలమ్మ (1895-1985) కౌలునేల సాగుచేసి, 1940ల నడుమ విసునూరు దేశముఖు మనుష్యులు పంటను కొనిపోవ యత్నింపగా, సంఘమువారి తోడ్పాటుతో ఆ పంటను తన యింటికి చేర్చుకొన్నది. కులసంగ్రహము మాత్రమే చదివినవాడు ఆమెను ఊహింపనైనను లేడు. ఆమెను ఎఱిగిన పిమ్మట ఆ సంగ్రహమును చదివినవాడు, దానియందేమి విడువబడినదో గుర్తింపగలడు.

2. జనులతో నివసించిన పండితుడు

గ్రంథాలయమునుండి గూడెమునకు శాస్త్రమును నడిపించిన గ్రంథము మలినౌస్కీ 1922లో ప్రకటించిన 'ఆర్గొనాట్స్ ఆఫ్ ది వెస్టరన్ పసిఫిక్'. ఆయన ఆస్ట్రియా హంగరీ ప్రజ. మొదటి ప్రపంచ యుద్ధము వచ్చునప్పటికి ఆస్ట్రేలియాలో నుండుట చేత శత్రుదేశీయుడుగా నెంచబడియు, అనుమతి పొంది ట్రోబ్రియాండ్ ద్వీపములలో దీర్ఘకాలము నివసించి, ఆ జనుల భాషలోనే వారితో మాటలాడి గ్రంథము వ్రాసెను.

ఇట్టి సంఘటనమే రెండవ యుద్ధకాలమున తెలుగుసీమలో జరిగెను. వియన్నాలో 1909లో జన్మించి, లండనులో మలినౌస్కీ గోష్ఠిలో కూర్చున్న క్రిస్టఫ్ ఫాన్ ఫ్యూరర్ హైమన్‌డార్ఫ్ 1939లో యుద్ధము ప్రారంభమగునప్పటికి భారతదేశమున నుండెను. ఆస్ట్రియాను జర్మనీ కలుపుకొనుట చేత ఆయన కడ నుండినది జర్మను పాస్‌పోర్టు. ఆయనను నిజాం రాష్ట్రపు టెల్లలలో నుండుమని నిర్బంధించిరి. ఆ నిర్బంధమే తెలుగునాటి మానవశాస్త్రమునకు వరమయ్యెను. భార్య బెట్టీతో కూడ ఆయన అమరాబాదు పీఠభూమిపై చెంచుల నడుమను, గోదావరి కొండలలో రెడ్ల నడుమను, ఆదిలాబాదున గోండుల నడుమను నివసించెను. 1943లో 'ది చెంచూస్', 1945లో 'ది రెడ్డీస్ ఆఫ్ ది బైసన్ హిల్స్', 1948లో 'ది రాజ్ గోండ్స్ ఆఫ్ ఆదిలాబాద్' వెలువడెను.

వీనిలో నారంభకుడు ముందు చదువదగినది చెంచుల గ్రంథము. చిన్న గుంపులు, కొద్ది సామగ్రి, దుంపలు త్రవ్వుటయు తేనె తీయుటయు బ్రతుకుతెరువుగా గల జనులు. కావున కుటుంబము, బంధుత్వము, ఆహారము, దేవత యొండొంటితో నెట్లు ముడిపడియున్నవో స్పష్టముగా కానవచ్చును. గోండుల గ్రంథమున వంశములు, పురాణములు, కర్మకాండలు విస్తారముగా నుండుటచేత దానిని పిమ్మట చదువుట మేలు.

అయినను ఈ గ్రంథములు పుట్టిన కాలమును మరువరాదు. 1940లో జోడేఘాట్ వద్ద కుమ్రం భీము పోలీసుల కాల్పులలో మరణించెను. అడవిని ప్రభుత్వము హద్దులు వేసి మూసివేయుటయు, పట్టాలు లేని గోండుల భూములు పరుల వశమగుటయు ఆ తిరుగుబాటునకు మూలములు. గోండుల యశాంతికి కారణ మేమని నిజాం ప్రభుత్వము తెలిసికొనగోరినప్పుడు హైమన్‌డార్ఫ్ నివేదికలు వ్రాసెను. అవి 1945లో 'ట్రైబల్ హైదరాబాద్' అను పేర ప్రకటితములయ్యెను. 1943లో మార్లవాయిలో గోండు ఉపాధ్యాయులకు శిక్షణము మొదలయ్యెను. గోండి భాషలో వాచకములు సిద్ధమయ్యెను. వేలకొలది కుటుంబములకు పట్టాలు లభించెను. 1987లో మరణించిన బెట్టీ సమాధి మార్లవాయిలోనే కలదు.

కావున ఈ గ్రంథములను చదువువాడు రెండు విషయములను ఏకకాలమున తలపున నుంచుకొనవలెను. ఆ పండితుని మాటకు బలమిచ్చినది గోండుల నమ్మకము మాత్రమే కాదు, ప్రభుత్వాధికారము కూడ. అయినను ఆ బలము వారి భూమి కొఱకు వినియోగమయ్యెను. ఆయనయే దశాబ్దముల తరువాత తిరిగి వచ్చి చూచి, నాడు దక్కిన భూములలో పెక్కు మరల చేజారుచున్న విధమును 1982లో 'ట్రైబ్స్ ఆఫ్ ఇండియా' యందు వ్రాసెను. వెనుకటి గ్రంథములను దీనితో కలిపి చదివినప్పుడే ఒక రచన తాను వర్ణించిన జనులకేమి చేయగలదో, ఏమి చేయజాలదో తెలియును.

3. మైదానపు పల్లె

హైమన్‌డార్ఫ్ గ్రంథములు అడవి జనులవి. బచ్చన్నపేట వంటి బహుకులముల పల్లెను అర్థము చేసికొనుటకు అవి చాలవు. ఆ కొఱతను తీర్చినది శ్యామచరణ్ దూబే (1922-1996) రచించిన 'ఇండియన్ విలేజ్'. ఉస్మానియా విశ్వవిద్యాలయము పక్షమున 1951-52లో హైదరాబాదునకు సమీపమునందలి శామీర్‌పేటలో వ్యవసాయము, వైద్యము మొదలగు శాఖలవారితో కూడి ఆయన పరిశోధించెను. గ్రంథము 1955లో లండనున ముద్రితమయ్యెను. స్వతంత్ర భారతమున ఒకే పల్లెను సమగ్రముగా వర్ణించిన తొలి గ్రంథములలో నిది యొకటి. అది తెలుగు పల్లె యగుట ఈ సీమ విద్యార్థికి భాగ్యము.

ఈ గ్రంథమున కులములు అక్షరక్రమమున రావు, పనిక్రమమున వచ్చును. ఎవరు ఎవరికి సేవ చేయుదురు, దానికి ప్రతిఫల మేమి, పండుగనాడు ఏ కులమువా డేమి నెరవేర్చును, తగవు వచ్చినచో ఎవరు తీర్చుదురు అను విషయములు ఇందు వరుసగా తెలియును. జాగీరులు 1949లో రద్దయిన కొలది కాలమునకే జరిగిన పరిశీలన మగుటచేత పాతకొత్తల సంధి యిందు కనబడును. కాని శామీర్‌పేట రాజధానికి చేరువ; జనగామ మెట్టసీమ దొరతనపు పీడనము, పోరాటము అనుభవించినది. అచ్చటి విషయమును ఇచ్చటికి యథాతథముగా మోసికొని రాక, ఎచ్చట పోలునో యెచ్చట పోలదో గుర్తించుచు చదువుటయే దూబే గ్రంథమువలన గలుగు నిజమైన శిక్షణము.

దీని తరువాత పాల్ హీబర్ట్ 1971లో ప్రకటించిన 'కొండూరు' చదువదగినది. మిషనరీల కుమారుడై 1932లో శంషాబాదున జన్మించిన యాతడు పాలమూరు జిల్లా పల్లె నొకదానిని వర్ణించెను. జనులు కులముతో మాత్రమే గాక, ఇతర కూటములతోను, ఊరి వెలుపలి సంబంధములతోను ఎట్లల్లుకొని యుందురో యందు చూపబడినది.

4. ఇంటనున్న గ్రంథములు

ఇంతవరకు చెప్పినవన్నియు ఇంగ్లీషున వ్రాయబడినవి. అయినను ఈ సీమవారు తమ్ము గూర్చి తాము చెప్పుకొనుట ముద్రణముకంటె చాల ప్రాచీనము. చేర్యాల నకాషీలు చింతగింజల అంబలి, సుద్ద, జిగురు పూసి గట్టిపరచిన గుడ్డపై, ఎఱ్ఱని నేపథ్యమున, బారులుగా కథలను చిత్రింతురు. ఆ పటములను విప్పుచు కథ చెప్పువారు వేరు. చాకలివారికి మడేలు పురాణము, పద్మశాలీలకు మార్కండేయుని కథ, గౌడులకు గౌడ పురాణము, మాదిగలకు జాంబపురాణము, ముదిరాజులకు పాండవుల కథ. శాలీలకు కూనపులివారు, గౌడులకు గౌడజెట్టీలు, మాదిగలకు డక్కలివారు, ముదిరాజులకు కాకిపడగలవారు కథకులు. ఏ యూళ్లలో ఏ కుటుంబము కథ చెప్పి త్యాగము పుచ్చుకొనవలెనో మిరాసి హక్కు కలదు.

ఇందు శాస్త్ర మెంత యున్నదో గమనింపవలెను. ప్రతి కులమును తన పుట్టుకను తన దృష్టినుండి చెప్పించుకొనుచున్నది. లోకము తక్కువగా నెంచిన వృత్తి ఆ కథయందు లోకమునకు మూలమగుచున్నది. థర్‌స్టన్ సంపుటమున రెండు పంక్తులుగా మిగిలిన పుట్టుక కథ, పటము ముందు కూర్చున్నవారికి రాత్రుల తరబడి సాగును. వినువారెవరు, ఇచ్చువారెవరు, ఎట్టి హక్కుతో పుచ్చుకొందురు అను విషయములు కన్నులయెదుటనే తెలియును. చదువదలచినవాడు తన తొలి గ్రంథముగా నిట్టి యొక కథను సంపూర్ణముగా విని, చెప్పినవారి యనుమతితో వ్రాసికొనుట యుక్తము.

ఒగ్గుకథయు నట్టిదే. మల్లన్న కథ, బీరప్ప కథ, ఎల్లమ్మ కథ చెప్పు ఒగ్గువారు కథకులే గాక పూజారులును. కొమురవెల్లిలో సంక్రాంతి మొదలు ఉగాది వరకు జాతర సాగును. రంగుల చూర్ణములతో పెద్దపట్నము వేయుదురు. ఈ మల్లన్నయే మహారాష్ట్రమున ఖండోబా, కన్నడ దేశమున మైలారుడు. బీరప్పకు అచ్చటి ధనగరులలో బిరోబా అని పేరు. జర్మను పండితుడు సోంథైమర్ ఆ గొఱ్ఱెలకాపరులతో తిరిగి వ్రాసిన గ్రంథము 1976లో జర్మనులోను, 1989లో 'పాస్టోరల్ డైటీస్ ఇన్ వెస్టరన్ ఇండియా' అను పేర ఇంగ్లీషులోను వెలువడెను. తన యింటి దేవుని కథ విన్న కురుమ విద్యార్థి దానిని చదివినచో, పరిచితమైనది దూరమునకును, దూరమైనది చేరువకును ఎట్లు వచ్చునో గ్రహించును. తులనాత్మక దృష్టి యనగా నిదియే.

ప్రాచీన కావ్యములలోను సామగ్రి కలదు. పాలకుర్తి తన యూరుగా ప్రసిద్ధినందిన సోమనాథుడు పండితారాధ్య చరిత్రయందలి పర్వత ప్రకరణమున శ్రీశైలమునకు పోవు జనుల పాటలను, ఆటలను, వేషములను పేరుపేరున లెక్కించెను. క్రీడాభిరామము ఓరుగంటి వీథులలో ఒకనాటి సంచారమును వర్ణించుచు, మైలార వీరభటుల సాహసములను కూడ చూపుచున్నది. ఇట్టి ఆధారములను కూర్చి సురవరం ప్రతాపరెడ్డి 1949లో ప్రకటించిన 'ఆంధ్రుల సాంఘిక చరిత్ర' రాజుల వరుసను విడిచి జనుల తిండి, గుడ్డ, ఆట, నమ్మకములను చరిత్రగా చేసెను; 1955లో సాహిత్య అకాడమీ బహుమానము నందెను. బిరుదురాజు రామరాజు 'తెలుగు జానపద గేయ సాహిత్యము' 1958లో వెలువడి పల్లెపాటకు విశ్వవిద్యాలయమున పీట వేసెను. ఈ రెండును తెలుగున నారంభించువానికి తప్పనివి.

5. వర్ణింపబడినవారే వ్రాసినప్పుడు

చిరకాలము ఈ శాస్త్రమున వ్రాయువారొకరు, వ్రాయబడువా రింకొకరు. ఆ హద్దు చెరుగుచున్నది. భంగ్యా భుక్యా 2010లో ప్రకటించిన 'సబ్జుగేటెడ్ నోమాడ్స్' నిజాముల యేలుబడిలో లంబాడీల చరిత్రను, ఆ సంఘమున పుట్టిన చరిత్రకారుని దృష్టినుండి చెప్పుచున్నది. ఎద్దులపై ఉప్పును ధాన్యమును దూరదేశములకు మోసిన వ్యాపారులు, బాటలును రైలును కొత్త అంగళ్లును వచ్చుటచేత ఆ వృత్తిని కోల్పోయి, సేద్యమునకును పశుపోషణమునకును మరలిన విధము అందు కలదు. సికిందరాబాదునుండి వరంగల్లు మీదుగా 1889లో బెజవాడకు చేరిన రైలుమార్గము జనగామమీదుగనే పోయినది. పాత సంగ్రహములు స్వభావమని వ్రాసినదానిని ఈ గ్రంథము చరిత్రగా మార్చినది. తండా యచ్చట నేల యున్నది అను ప్రశ్నకు సమాధానము లంబాడీల రక్తమున లేదు. రైలు పట్టాలలో నున్నది.

6. పఠన క్రమము

పై విచారమువలన క్రమ మిట్లేర్పడుచున్నది. మొదట తన యూరి కథ నొకదానిని వినవలెను. రెండవది ప్రతాపరెడ్డి గ్రంథము. పిమ్మట దూబే గ్రంథము. ఆ తరువాత చెంచుల గ్రంథమును 'ట్రైబల్ హైదరాబాద్' తోడను, 'ట్రైబ్స్ ఆఫ్ ఇండియా' తోడను కలిపి చదువవలెను. అటుపిమ్మట భుక్యా రచన. దాని వెనుక సోంథైమరును మలినౌస్కీని చదివి దూరదేశముల చూపు నలవరచుకొనవలెను. కులసంగ్రహములను చివరకు తెరువవలెను; అప్పుడవి తీర్పులుగా గాక సాక్ష్యములుగా నుపయోగపడును.

ప్రతి గ్రంథమును నాలుగు ప్రశ్నలతో పరీక్షింపవలెను. రచయిత ఎవరి యనుమతితో ఆ జనుల కడకు వచ్చెను? ఎంతకాలముండెను? ఏ భాషలో నడిగెను? వ్రాసిన పిమ్మట ఆ జనుల కేమయ్యెను? వీనిలో కడపటిది గ్రంథమునందు సామాన్యముగా నుండదు. దానిని వేరొకచోట వెదకవలసియుండును. ఆ వెదకులాటతోనే చదువరి పరిశోధకుడగును.

బచ్చన్నపేటనుండి బయలుదేరిన విద్యార్థి యీ గ్రంథములన్నియు చదివి మరల తన యూరికి వచ్చినప్పుడు, కల్లమున నిలిచిన మనుష్యుడు వానికి ఏడవ సంపుటమునందలి యొక శీర్షికగా కనబడునా, కథ చెప్పగలిగి, పంట కాచుకొనగలిగి, తన్ను గూర్చి వ్రాసినదానిని కాదనగలిగిన మనుష్యుడుగా కనబడునా అనునదే పరీక్ష. గ్రంథక్రమమును సరిగా నేర్పరచుకొనుట ఆ పరీక్ష కొఱకే.